చర్చిలో నా వయసువాళ్ళు ఎవరూ లేరు: ఉండాలా, మారాలా?

ప్రశ్న క్లుప్తంగా: "నాకు 27 ఏళ్ళు. బ్యాంకు ఉద్యోగం. ఏడాది కిందట బదిలీ మీద కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరికి వచ్చాను. ఇక్కడి పాత మిషన్ చర్చికి వెళ్తున్నాను. ఆదివారం 60 మంది దాకా వస్తారు. అందరూ 50 దాటినవాళ్ళు, లేదంటే సండే స్కూల్ పిల్లలు. నా ఈడువాళ్ళు ఒకరిద్దరు ఉన్నా మాకు కలవదు. ప్రొజెక్టర్ నాకే, సండే స్కూల్ నాకే, పైగా ప్రతి కూటంలో నా పెళ్ళి గురించి ప్రార్థన. అందరూ ప్రేమగానే ఉంటారు, కాని ఇంటికొచ్చాక ఏడుపొస్తోంది. విజయవాడలో యూత్ బాగా ఉన్న పెద్ద చర్చికి మారిపోదామా, ఇంట్లోనే లైవ్ చూసుకుందామా అనిపిస్తోంది. ఇలా అనుకోవడం తప్పా?"

సమాధానం:

తప్పేం కాదమ్మా. మా అమ్మాయి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నేను గవర్నమెంటు హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. బదిలీ అయిన ప్రతి ఊళ్ళో ముందు అద్దె ఇల్లు, ఆ తర్వాత చర్చి వెతుక్కోవడం నాకు అలవాటే. చర్చి ఆడవాళ్ళ సంఘమైన స్త్రీల మైత్రికి సెక్రటరీగా, చర్చి పనులు చూసే పాస్టరేట్ కమిటీలో మెంబరుగా చాలా కాలం ఉన్నాను. అంటే నీకు ప్రొజెక్టర్ అప్పజెప్పే పెద్దల పక్కన కూర్చున్నదాన్నే. అటువైపు నుంచి ఏం కనిపిస్తుందో కూడా చెబుతాను.

నీ బాధలో రెండు సంగతులు కలిసిపోయాయి. తోటివాళ్ళు లేకపోవడం ఒకటి, నీకంటూ చోటు లేకపోవడం ఇంకొకటి. తోటివాళ్ళను చర్చి బయట కూడా వెతుక్కోవచ్చు. చోటు సంగతి మాత్రం లోపలే తేలాలి. తేలకపోతే అప్పుడు మారడం గురించి ఆలోచించు. తోటివాళ్ళు లేరని చర్చి మారి, కొత్తచోట 500 మంది యూత్ మధ్య ఎవరికీ పేరు కూడా తెలియకుండా రెండేళ్ళు గడిపిన పిల్లల్ని చూశాను కాబట్టి చెబుతున్నాను.

మీ చర్చిలో నీ వయసువాళ్ళు ఎందుకు లేరో నీకూ తెలుసు. కోస్తాలో చిన్న ఊళ్ళన్నింటిదీ అదే కథ. టెన్త్ అవగానే పిల్లలు ఇంటర్ హాస్టళ్ళకు వెళ్ళిపోతారు. అక్కణ్ణుంచి ఇంజనీరింగు, తర్వాత హైదరాబాదో బెంగళూరో. నర్సింగ్ చేసినవాళ్ళు గల్ఫ్‌కి. మిగిలిన ఆడపిల్లలు పెళ్ళయి అత్తగారి ఊరికి. డిసెంబరు 24 రాత్రి చర్చిలో నిలబడటానికి చోటుండదు, గిటారు వాయించేవాళ్ళే నలుగురు తేలతారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసిచ్చే వాగ్దాన కార్డు తీసుకుని, మర్నాడు మధ్యాహ్నానికి బస్సెక్కేస్తారు. జనవరి మొదటి ఆదివారం మళ్ళీ ఆ 60 మందే.

ఇక్కడ పెద్దవాళ్ళ వైపు నుంచి ఒక మాట. ఆ 60 మందిలో చాలామందికి నీ వయసు కూతురో కొడుకో ఉంటారు, ఏ కూకట్‌పల్లిలోనో. ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో పది నిమిషాలు మాట్లాడతారు. ఆ పిల్ల చర్చికి వెళ్తోందో లేదో ఇక్కడున్న తల్లికి తెలియదు, అడిగితే కసురుకుంటుందని భయం. ఇంతలో నువ్వు వచ్చావు. అదే వయసు, నోట్లో నాలుక లేని పిల్లవు, చెప్పిన పని చేస్తున్నావు. కూతురి మీద దాచుకున్నదంతా నీ మీద పెట్టేశారు. పెళ్ళి కంగారు కూడా అందులోదే. నీకు దక్కుతున్నది నిజంగా ప్రేమే. కాకపోతే అది నిన్ను చూసి పుట్టింది కాదు. నువ్వెవరివో ఇంకా ఎవరూ అడగలేదు. ప్రేమగా ఉన్నా ఏడుపొస్తోంది అన్నావే, దానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఇది మన చర్చిల్లో కొత్త బాధేమీ కాదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అందులో మాట్లాడిన అజరయ్య గారికి అప్పటికి 35 ఏళ్ళు. రెండేళ్ళ తర్వాత ఆయనే దోర్నకల్‌కి మొదటి బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు కూడా ఆయనే. మీరు బీదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలు సైతం ధారపోశారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని ఆ మిషనరీల ముందే అన్నారు. పై నుంచి కింది వాళ్ళకిచ్చే ప్రేమకూ, పక్కన కూర్చుని చేసే స్నేహానికీ తేడా ఉందని ఆయన గొడవ. నీ గొడవా అదే. ఆయనంతటి వాడు అంత సభలో అడిగాడు కాబట్టి, నువ్వు మీ చర్చిలో నలుగురి ముందు అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

సరే, ఇప్పుడు నీ ప్రశ్నలో నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన చోటుకొస్తాను. "నా ఈడువాళ్ళు ఒకరిద్దరు ఉన్నా మాకు కలవదు" అన్నావు. ఎవరమ్మా వాళ్ళు? నేను ఊహించి చెబుతాను, కాదంటే దిద్దు. ఒకామెకు 26 ఏళ్ళు ఉంటాయి. భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లలు, ఇంట్లో కుట్టుమిషను. ఇంకొకతను డిగ్రీ మధ్యలో మానేసి మెడికల్ షాపులో ఉంటాడు, ఆదివారం సౌండ్ బాక్సులు మోస్తాడు. వాళ్ళతో నీకు మాటలు సాగవు. ఎందుకంటే వాళ్ళు నిన్ను చర్చిలో కూడా మేడమ్ అనే పిలుస్తారు. లోన్ పని మీద బ్యాంకులో నీ కౌంటరు ముందు నిలబడినవాళ్ళు మరి.

ఆ 26 ఏళ్ళామె ఎక్కడ కూర్చుంటుందో ఈసారి చూడు. ఆడవాళ్ళ వైపు ఆఖర్న, తలుపు దగ్గర. చంటిది ఏడిస్తే లేచి పోవడానికి వీలుగా. వాక్యం మొదలైన కాసేపటికే వరండాలోకి వెళ్ళి, చెప్పుల పక్కన నిలబడి, భుజం మీద పిల్లను జోకొడుతూ సగం ప్రసంగం వింటుంది. ఆశీర్వాదానికి లోపలికొస్తుంది. చర్చిలో తనకు చోటు లేదని ఆమెకెప్పుడూ అనిపించదనుకుంటున్నావా? నీతో కలిసి పాడాల్సిన పిల్ల వరండాలో ఉంది, నువ్వు ముందు వరసలో ప్రొజెక్టర్ దగ్గర ఉన్నావు. వచ్చే ఆదివారం ప్రొజెక్టర్ ఇంకెవరికైనా ఇచ్చి, వెళ్ళి ఆ ఆఖర్న కూర్చో. ఒక్క కీర్తన అయ్యేదాకా పిల్లను ఎత్తుకో. మేడమ్ అంటే, పేరు పెట్టి పిలువు, లేదంటే అక్కా అను అని చెప్పు. ఒక్కరోజులో కాదు, కాని మాట కలుస్తుంది. ఆమెకు నీ సినిమాలు, నీ పుస్తకాలు తెలియకపోవచ్చు. అత్తగారితో ఎలా నెగ్గుకురావాలో, ఒంటరిగా ఉండే ఆడపిల్ల ఈ ఊళ్ళో ఏ వీధిలో జాగ్రత్తగా ఉండాలో ఆమెకు తెలిసినంతగా నీ హైదరాబాద్ ఫ్రెండ్స్‌కి తెలియదు.

ఇంకో మాట, కొంచెం కటువుగానే. మన చర్చిల్లో కులం లేదని పుల్పిట్ మీద చెబుతాం. కొత్తగా వచ్చిన మనిషిని మాత్రం ఇంటిపేరు అడిగి, సొంతూరు అడిగి, ఆ ఊళ్ళో ఏ పేట అని కూడా ఆరా తీస్తాం. "మాకు కలవదు" అనే మాట వెనక చదువు తేడా ఉందా, డబ్బు తేడా ఉందా, ఇదేమైనా ఉందా అన్నది నువ్వే ఒకసారి చూసుకో. నిన్ను నిందించడం లేదు. ఒకవేళ నిన్నే వాళ్ళు ఆ లెక్కన పక్కనపెడుతుంటే, అప్పుడు నా సలహా వేరేగా ఉంటుంది, చివర్లో చెబుతాను.

పెద్దవాళ్ళతో ఏం చేయాలి? వాళ్ళు అడిగేదానికి జవాబులు చెప్పడం తగ్గించి నువ్వే అడగడం మొదలుపెట్టు. "బాగున్నావామ్మా", "బాగున్నానండి", "వందనాలండి" దగ్గర ఆగిపోతే ఏళ్ళు గడిచినా అంతే. అడగడానికి బోలెడుంది. పాత కీర్తనల పుస్తకం తెరిచి చూడు, చాలా పాటల మీద రాగం, తాళం రాసి ఉంటాయి. మోహన, ఆది తాళం, ఇలా. ఈ కాలం పిల్లలు కీబోర్డు వాడు ఏ వరస వాయిస్తే ఆ వరసలో పాడేస్తున్నారు. అసలు వరస వచ్చిన ముసలమ్మ ప్రతి పాత చర్చిలో ఒకరైనా ఉంటుంది. చూపు ఆనకపోయినా ఆరు చరణాలూ కంఠతా పాడుతుంది, పాడుతూ మోకాలి మీద తాళం వేస్తుంది, ఎవరైనా తాళం తప్పితే అటు తిరిగి చూస్తుంది. ఆమె దగ్గరికెళ్ళి "అమ్మమ్మగారూ, ఈ పాట నాకు నేర్పిస్తారా" అని అడుగు. ఇంటికి రమ్మంటుంది. టీ ఇస్తుంది. రెండో పాట దగ్గర తన పెళ్ళి సంగతి, మూడో పాట దగ్గర పోయిన కొడుకు సంగతి చెబుతుంది. ఆ తర్వాత నువ్వు ఆమెకు పెళ్ళి కాని పిల్లవి కావు, పాట నేర్చుకోవడానికి వచ్చే పిల్లవి. పౌలు రోమా సంఘానికి వందనాలు రాస్తూ రూఫు తల్లిని నాకూ తల్లే అంటాడు. ఊరూరా తిరిగిన మనిషికి ఒక ఊళ్ళో అలాంటి ఇల్లు ఒకటి దొరికిందన్నమాట. బదిలీ ఉద్యోగం ఉన్నవాళ్ళకి అలాంటి ఇల్లు ఒక్కటి చాలు.

ఇళ్ళల్లోకి వెళ్ళడానికి అన్నిటికంటే మంచి కాలం శ్రమదినాలు, అంటే ఈస్టరుకు ముందొచ్చే లెంట్. శుక్రవారం ఉపవాస కూటానికి బ్యాంకు వల్ల రాలేవు, తెలుసు. లెంట్‌లో మాత్రం చాలా సంఘాల్లో సాయంత్రాలు రోజుకొక ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. వరండాలో చాపలు వేస్తారు, అయ్యాక టీ, బిస్కెట్టు. చర్చిలో ఏడాదిపాటు తెలియనిది ఒక మనిషి గురించి ఆ ఇంట్లో పావుగంటలో తెలుస్తుంది. గోడ మీద ఎవరి ఫోటో ఉందో చూసినా చాలు. వీలైతే ఒక రోజు నీ అద్దె ఇంట్లో పెట్టించుకో. ఒక్కదానివే ఉంటున్నావని ఎవరూ నిన్ను అడిగి ఉండరు. నువ్వే అయ్యగారికి, అంటే పాస్టరు గారికి, చెప్పు. నీ ఇంటికి వచ్చి నీ చాప మీద కూర్చున్నాక నిన్ను చిన్నపిల్లలా చూడటం వాళ్ళకీ కష్టమవుతుంది.

ఇప్పుడు పనుల సంగతి. చర్చిలో ఒక్క యూత్ మిగిలితే యూత్ పనులన్నీ ఆ ఒక్కరి నెత్తి మీదే పడతాయి. పాటల స్లైడ్లు, సండే స్కూల్, వేసవి సెలవుల్లో పిల్లల బైబిలు తరగతులు (వీబీఎస్), క్రిస్మస్ స్టారు, మదర్స్ డే కార్డులు. కమిటీలో కూర్చున్నప్పుడు మేం అనుకునేది ఏమిటంటే, పని ఇస్తే పిల్లలు నిలబడతారని. అది సగమే నిజం. పని ఇచ్చి మాట కలపకపోతే జీతం లేని ఉద్యోగం అవుతుంది. కాబట్టి ఒక్కటి ఉంచుకో, మిగతావి వదిలెయ్. ఏది ఉంచుకోవాలంటే, మనుషులతో ముడిపడింది ఉంచుకో. నన్నడిగితే సండే స్కూల్ ఉంచుకుని ప్రొజెక్టర్ వదిలెయ్. కమిటీ మీటింగ్‌లో కాకుండా అయ్యగారితో విడిగా, ఆయన భార్య అమ్మగారు కూడా ఉన్నప్పుడు ఇలా చెప్పు: "అయ్యగారూ, ఈస్టర్ దాకా రెండూ చేస్తాను. ఆ తర్వాత సండే స్కూల్ ఒక్కటే చూసుకోగలను. ఈలోపు స్లైడ్లు ఎలా పెట్టాలో ఆ సౌండ్ అబ్బాయికి నేర్పిస్తాను." గడువు చెప్పావు, మనిషినీ చూపించావు, ఇక కాదనడానికి ఏమీ ఉండదు. ముఖం ముడుచుకుంటే రెండు వారాలు ముడుచుకుంటారు, అంతే. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగిస్తారు కదా, అందులో ఒక మాట నీకిమ్మని కూడా అడుగు. పిల్ల అనుకున్నవాళ్ళు నిన్ను ఒకసారి పుల్పిట్ దగ్గర విన్నాక వాళ్ళ లెక్క మారుతుంది.

పెళ్ళి ప్రార్థన గురించి. ఇది నవ్వులాటగా తీసుకునేది కాదు, ఆడపిల్లలు చర్చి మానేయడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. అందరి ముందూ పేరు చదివి, కళ్ళు మూసుకుని, తల్లిదండ్రుల భారం తీర్చు ప్రభువా అంటుంటే ఆ పిల్లకు భూమిలోకి పోవాలనిపిస్తుంది. వాళ్ళకు చెడు ఉద్దేశం లేదు, కాని చెప్పకపోతే ఆపరు. స్త్రీల కూటం నడిపే ఆవిడతో ఒక్కదానితోనే చెప్పు: "ఆంటీ, నా కోసం ప్రార్థన చేయండి, నాకు అది కావాలి. కాని పెళ్ళి విషయం మైకులో వద్దు, ఇంట్లో చేసుకోండి. కూటంలో అయితే నా ఉద్యోగం కోసం చేయండి, ఈ నెల టార్గెట్లతో చచ్చిపోతున్నాను." ఆ చివరి మాట ముఖ్యం. వద్దు అని ఆగిపోతే కోపం అనుకుంటారు, బదులుగా నీ అసలు టెన్షన్ ఏదో చెబితే పట్టుకుంటారు. సంబంధాలు చూస్తామని ఎవరైనా వస్తే మా నాన్నగారి నంబరు ఇస్తానని చెప్పి తప్పుకో. బయోడేటా మాత్రం చర్చి వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళనివ్వకు.

చర్చి బయట తోటివాళ్ళు ఎక్కడ? రెండో, నాలుగో శనివారాలు నీకు సెలవే కదా, వాటిని దీనికి పెట్టు. కాలేజీలో క్రైస్తవ విద్యార్థుల సహవాసమైన ఈయూకి వెళ్ళిన అనుభవం ఉంటే, దాన్ని నడిపే సంస్థ యూఈఎస్ఐ నీకు తెలిసే ఉంటుంది. చదువైపోయి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ కోసం అందులోనే ఈజీఎఫ్ అని ఉంది, గ్రాడ్యుయేట్ల సహవాసం. మీ ఊళ్ళో లేకపోతే విజయవాడ, మచిలీపట్నం, గుడివాడ వైపు విచారించు. వాళ్ళలో టీచర్లు, బ్యాంకువాళ్ళు, డాక్టర్లు ఉంటారు, బదిలీల బాధ తెలిసినవాళ్ళు. రెండోది, నీది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినా, లూథరన్ అయినా, బాప్టిస్టు అయినా మీ అయ్యగారి కింద చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకొన్ని సంఘాలు ఉండే ఉంటాయి. అక్కడ సచివాలయంలో పనిచేసే అమ్మాయో, ఏఎన్ఎమ్మో, స్కూలు అసిస్టెంటో నీలాగే ఒక్కదాన్నే అనుకుంటూ కూర్చుని ఉంటుంది. ఒక్కో సంఘం నుంచి ఇద్దరు వచ్చినా నెలకొకసారి కూర్చోవడానికి సరిపోతారు. అయ్యగార్ని పేర్లు అడుగు, మీటింగు పెట్టమని అడగకు. ఆయన పెడితే ప్రారంభ ప్రార్థన, అధ్యక్షోపన్యాసం, వందన సమర్పణ వస్తాయి. మీరు నలుగురు ఎక్కడైనా టిఫిన్ సెంటర్లో కూర్చోండి చాలు.

విజయవాడ పెద్ద చర్చి సంగతి. వాళ్ళ శనివారం యూత్ మీటింగుకు వెళ్ళు, పాటలు బాగుంటాయి, నీకు ఊపిరి ఆడుతుంది. ఆదివారం మాత్రం ఇంకొంత కాలం ఇక్కడే ఉండమంటాను. కొత్తగా వచ్చావు, ఒక క్రిస్మస్, ఒక కోత పండుగ ఒంటరిగా గడిపావు. పైన చెప్పినవి చేస్తూ ఇంకో ఏడాది గడిపి అప్పుడు చూడు. ఒక లౌక్యం కూడా చెప్పనా? నీకు జ్వరం వచ్చి మంచాన పడితే అన్నం క్యారియర్ పంపేవాళ్ళు అరగంట దూరంలో ఉండాలి, గంటన్నర దూరంలో కాదు. సభ్యత్వం సంగతి కూడా ఉంది. పాత మిషన్ చర్చిల్లో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదవాలన్నా, సమాధుల తోటలో చోటు అడగాలన్నా రిజిస్టర్లో పేరు ఉందా లేదా అని చూస్తారు. ఎక్కడికెళ్ళినా సొంతూరి చర్చిలో మీ ఇంటివాళ్ళ పేరు మాత్రం కొట్టేయించుకోకండి.

లైవ్ గురించి అడిగావు. ఒంట్లో బాగాలేని రోజు చూసుకో, ఎవరూ కాదనరు. ప్రతి వారం అయితే వద్దు. ప్రసంగం ఇంతకన్నా బాగా ఉండొచ్చు, ఎక్కువసార్లు ఉంటుంది కూడా. నీకు కొరతపడింది ప్రసంగం కాదు కదా.

ఎప్పుడు మారిపోవాలి? పెద్దల్లో ఎవరైనా నీతో తేడాగా ప్రవర్తించినా, ప్రార్థన పేరుతో ఒంటరిగా రమ్మన్నా, ఇంటిపేరు చూసి ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గరో, విందు భోజనాల దగ్గరో వేరుగా చూసినా, కానుకల లెక్క అడిగినందుకు నోరు మూయించినా ఇంకో ఏడాది ఆగమని నేను చెప్పను. మర్నాడే మారు. మొదటి రెండింటిలో మారడంతో ఆగకుండా ఇంట్లోవాళ్ళకీ, ఆ పాస్టరుగారి పైవాళ్ళకీ, అవసరమైతే పోలీసులకీ చెప్పు.

అలాంటిదేమీ లేకుండా, చేయగలిగింది చేశాక కూడా ఆదివారం వస్తోందంటే గుండె దిగజారుతుంటే, అప్పుడు మారు, తప్పు లేదు. చెప్పకుండా మాయమవకు. అయ్యగారికి ఎదురుగా చెప్పు, సభ్యత్వ బదిలీ ఉత్తరం రాయించుకో, సండే స్కూల్ పిల్లలకు ముందే చెప్పు, హాజరు పుస్తకం ఎవరికైనా అప్పజెప్పు. కొత్త చర్చిలో మాత్రం మొదటి నెలలో ఏ పనీ ఒప్పుకోకు, కంప్యూటర్ వచ్చని అసలే చెప్పకు.